పనిలో తగిలిన దెబ్బ... కేస్‌షీట్‌లో ఏమని రాయించారు?

బేగంబజార్‌లో పొద్దెక్కితే నడవడానికి దారి ఉండదు. డీసీఎంలు, ట్రాలీ ఆటోలు, తోపుడు బండ్లు... వాటి మధ్య నుంచే వీపున బస్తాలతో హమాలీలు. పప్పులు, మిర్చి, డ్రైఫ్రూట్స్, స్టీలు సామాన్లు, ప్లాస్టిక్ డబ్బాలు... మన ఇళ్లకు చేరే సరుకులో ఎంతో కొంత ఆ వీపుల మీదుగా వచ్చిందే. ఇరుకు మెట్లు, పై అంతస్తుల్లో గోదాములు, తాడు కట్టి కిందికి దించే మూటలు. కాలు జారడం, వేలు నలగడం, బస్తా మీద పడటం అక్కడ కొత్త సంగతులు కావు. ఉస్మానియా ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది కాబట్టి దెబ్బ తగిలినవారిని త్వరగానే తీసుకెళ్లొచ్చు. కానీ క్యాజువాలిటీలో డాక్టర్ 'ఎలా తగిలింది?' అని అడిగినప్పుడు పక్కనున్నవారు చెప్పే ఒక్క మాట మీద ఆ కుటుంబానికి రావాల్సిన లక్షల రూపాయల పరిహారం ఆధారపడి ఉంటుందని చాలామందికి తెలియదు.

ఇది హమాలీల సంగతే కదా అనుకోకండి. మీకు దుకాణం ఉండొచ్చు. ఇంట్లో కారు డ్రైవర్ ఉండొచ్చు. మీ తమ్ముడు గోదాంలో గుమాస్తా కావొచ్చు, మీ అబ్బాయి గల్ఫ్‌లోనో కోనసీమలోనో చమురు బావి దగ్గర కాంట్రాక్టు ఉద్యోగి కావొచ్చు. పరిహారం ఇవ్వాల్సిన వైపు ఉన్నా, తీసుకోవాల్సిన వైపు ఉన్నా ఈ సంగతులు తెలిసి ఉండాలి.

'ఇంట్లో జారిపడ్డాడు'

ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లందరికీ తెలిసిన మాట ఇది. పాదం మీద సిమెంటు మరక, చొక్కా నిండా గోనె పీచు. చేతి వేళ్లు నలిగి ఉంటాయి. 'ఎక్కడ తగిలింది?' అంటే వెంట వచ్చిన మనిషి చప్పున 'ఇంట్లో మెట్ల మీద జారాడు సార్' అంటారు. దెబ్బ తగిలిన మనిషి తల దించుకుంటారు.

ఈ అబద్ధానికి కారణం భయం. పని దగ్గర తగిలిందని చెబితే పోలీసు కేసు అవుతుందని, దుకాణం మూయిస్తారని, పని పోతుందని భయం. నిజానికి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయడమంటే యజమానిని జైలుకు పంపడం కాదు. ప్రమాదంలో గాయపడిన మనిషి వచ్చారని ఆస్పత్రి రిజిస్టర్‌లో రాసి, పోలీసులకు సమాచారం ఇవ్వడమే. తప్పు ఎవరిదన్నది డాక్టర్ తేల్చరు.

ఇంకో భయం ఉంది: పోలీసులు వచ్చేదాకా వైద్యం చేయరేమోనని. అది కూడా నిజం కాదు. ప్రభుత్వ ఆస్పత్రి అయినా, ప్రైవేటు ఆస్పత్రి అయినా ముందు ప్రాణం కాపాడాలని, పోలీసు లాంఛనాలు తర్వాతేనని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టంగా చెప్పింది.

అబద్ధం మాత్రం కాగితం మీద ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత పరిహారం కోసం వెళ్తే, అవతలి వకీలు మొదట తీసేది మొదటి రోజు కేస్‌షీటే. 'ఇంట్లో జారిపడ్డట్టు మీరే చెప్పారు కదా' అంటారు. తర్వాత ఎన్ని చెప్పినా ఆ మొదటి వాక్యాన్ని చెరపడం చాలా కష్టం.

ముందు ప్రాణం... ఆ పది నిమిషాల్లో ఏం చేయాలి?

కాగితాల కన్నా ముందు మనిషి. గోదాంలో పనిచేసేవారూ చేయించేవారూ ఈ నాలుగు గుర్తుపెట్టుకోండి.

ఎత్తు నుంచి పడినా, బస్తా మెడ మీదో వీపు మీదో పడినా కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తకండి. వెన్నెముక విరిగి ఉంటే ఆ ఎత్తడంలోనే నరాలు దెబ్బతిని కాళ్లు చచ్చుపడవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి చెక్క పలక మీదికి చేర్చండి. 108కి ఫోన్ చేయండి.

వేలు తెగి విడిపోతే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు మీద ఉంచి తీసుకురండి. వేలిని నేరుగా ఐసులో వేయకూడదు. గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. పసుపు, కాఫీ పొడి పోయకండి.

కాలిన గాయం మీద 20 నిమిషాల పాటు కుళాయి నీళ్లు పడనివ్వండి. టూత్‌పేస్ట్, సిరా వద్దు.

తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, మాట తడబాటు, ఒక్కసారి స్పృహ తప్పి లేవడం... వీటిలో ఏది కనిపించినా 'కాసేపు పడుకోనిద్దాం' అనకండి. అలాగే బరువు ఎత్తాక నడుము పట్టేసి, మూత్రం రాకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ రోజే ఆస్పత్రికి రావాలి. నరాల మీద ఒత్తిడి తీసేయడానికి ఆపరేషన్ అవసరం కావొచ్చు. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు.

కేస్‌షీట్‌లో ఉండాల్సిన ఆరు సంగతులు

రోగి మాట్లాడగలిగితే రోగే చెప్పాలి. లేకపోతే చూసినవారు చెప్పాలి. డాక్టర్ రాసేటప్పుడు ఈ ఆరూ చెప్పండి:

1. ఏ రోజు, ఎన్ని గంటలకు జరిగింది.

2. ఎక్కడ జరిగింది. 'బేగంబజార్‌లో' అంటే చాలదు. ఏ దుకాణం, ఏ గోదాం, ఎన్నో అంతస్తు.

3. అప్పుడు ఏం చేస్తున్నారు. 'లారీ నుంచి బస్తా దించుతుండగా' అన్న నాలుగు మాటలు లక్షల విలువ చేస్తాయి.

4. ఎవరి సరుకు, ఎవరు పనికి పిలిచారు.

5. ఏ చేయి, ఏ కాలు, ఏ వేలు. కుడి, ఎడమ తప్పు పడితే తర్వాత పెద్ద తలనొప్పి.

6. అంతకుముందు ఆ భాగంలో లోపం లేదన్న సంగతి. పాత జబ్బు ఉంటే అది కూడా దాచొద్దు.

ఓపీ చీటీ, ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములు, మందుల బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఫోన్లో ఫొటోలు తీసుకోండి. వైద్య రికార్డుల నకళ్లు కావాలని రోగి గానీ, రోగి అధికారమిచ్చినవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి నియమం. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలన్నది కూడా అందులోనే ఉంది. అందుకే 'తర్వాత చూసుకుందాంలే' అనుకోకుండా వెంటనే తీసుకోండి.

హమాలీల విషయంలో 'ఆయన మా మనిషి కాదు, బస్తాకు ఇంత అని ఇస్తాం' అనడం మామూలే. కాబట్టి పని చేయించింది ఎవరన్న ఆధారం చాలా ముఖ్యం. బిల్టీ నకలు, ఫోన్‌పే చెల్లింపులు, పనికి రమ్మన్న వాట్సాప్ మెసేజ్, గోదాం సీసీ కెమెరా ఫుటేజీ... ఇవన్నీ సాక్ష్యాలే. ఫుటేజీ కొన్ని రోజులకే చెరిగిపోతుంది. వెంటనే అడగండి.

చట్టం ఎవరికి వర్తిస్తుంది?

పనిలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం మనకు 1923 నుంచి ఉంది. 2009లో సవరించి 'ఉద్యోగుల పరిహార చట్టం' అని పేరు మార్చారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో దాన్ని కలిపారు. పేరు మారినా మూలం ఒకటే. యజమాని తప్పు ఉందని నిరూపించాల్సిన పని లేదు. పని వల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరిగిందని చూపితే చాలు.

ఏయే పనులకు వర్తిస్తుందో చెప్పే జాబితాలో గోదాముల్లో, మార్కెట్లలో సరుకు ఎత్తడం, దించడం, మోయడం కూడా ఉన్నాయి. అంటే బేగంబజార్ హమాలీ పని అందులో ఉన్నట్టే. వాహనం నడిపే డ్రైవర్, కట్టడం పనివారు కూడా ఉన్నారు. రోజు కూలీ అయినంత మాత్రాన హక్కు పోదు.

మేస్త్రీ ద్వారానో, కాంట్రాక్టర్ ద్వారానో వచ్చినవారైతే ఎవరిని అడగాలి? ఎవరి వ్యాపారం కోసం ఆ పని జరుగుతోందో ఆ అసలు యజమానినే అడగొచ్చు. ఆయన ముందు చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి.

ఇంటి నుంచి పనికి వెళ్తూనో, పని ముగించుకుని వస్తూనో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం రుజువైతే, కొత్త కోడ్ పనిలో జరిగిన ప్రమాదంగానే చూస్తుంది. కాబట్టి దారిలో యాక్సిడెంట్ అయితే 'పని నుంచి ఇంటికి వెళ్తుండగా' అని కేస్‌షీట్‌లో చెప్పించండి.

మినహాయింపులూ ఉన్నాయి. మూడు రోజుల్లోపే మానే చిన్న దెబ్బకు పరిహారం ఉండదు. మద్యం మత్తులో ఉండటం వల్లనో, భద్రతా నియమాన్ని కావాలని మీరడం వల్లనో గాయమైతే యజమాని అభ్యంతరం చెప్పొచ్చు. అయితే మరణానికీ, పూర్తి శాశ్వత వైకల్యానికీ ఆ అభ్యంతరాలు చెల్లవు.

ఎంత వస్తుంది?

లెక్క కష్టమేమీ కాదు. నెల వేతనం, వయసు... ఈ రెండూ తెలిస్తే చాలు. లెక్కకు తీసుకునే వేతనం గరిష్ఠ పరిమితిని 2020 జనవరిలో కేంద్రం రూ.8,000 నుంచి రూ.15,000కు పెంచింది. వయసును బట్టి ఒక గుణకం ఉంటుంది. 30 ఏళ్లకు 207.98, 40 ఏళ్లకు 184.17.

మరణిస్తే: వేతనంలో సగాన్ని గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్ల మనిషికి రూ.15,000 వేతనమైతే 7,500 × 207.98 = రూ.15,59,850.

ఇక ఏ పనీ చేయలేని శాశ్వత వైకల్యమైతే: వేతనంలో 60 శాతాన్ని హెచ్చించాలి. అదే మనిషికి 9,000 × 207.98 = రూ.18,71,820.

కొంత వైకల్యమైతే: పని చేసే శక్తి ఎంత శాతం పోయిందో అంత. చట్టంలోని పట్టిక ప్రకారం బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం. 40 ఏళ్ల మనిషికి 9,000 × 184.17 = రూ.16,57,530. అందులో 30 శాతం అంటే రూ.4,97,259.

కొన్నాళ్లు మాత్రమే పనికి వెళ్లలేకపోతే: ప్రతి పదిహేను రోజులకు నెల వేతనంలో 25 శాతం. ఇది గరిష్ఠంగా ఐదేళ్ల వరకు.

వీటికి తోడు గాయానికి అయిన అసలు వైద్య ఖర్చు యజమానే భరించాలి. బొటనవేలు పోయిన మనిషి చేతిలో పదివేలు పెట్టి 'ఊరెళ్లి రెస్టు తీసుకో' అంటే ఆ కుటుంబం ఎంత పోగొట్టుకుంటోందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

డాక్టర్ రాసే శాతం... రెండు రకాలు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పింఛను, బస్ పాస్ కోసం మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో శాతం శరీర భాగానికి సంబంధించినది. పరిహారం లెక్కకు కావాల్సింది సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది. రెండూ ఒకటి కావు.

దీనికి మంచి ఉదాహరణ మన పొరుగునే ఉంది. ఒడిశాలోని జైపూర్‌లో 1968లో ఒక సినిమా హాలులో పనిచేస్తున్న వడ్రంగి కిందపడ్డారు. ఎడమ చేయి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. ఒక చేయే పోయింది కదా, పూర్తి వైకల్యం ఎలా అవుతుందని యజమాని వాదించారు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేరు కాబట్టి ఆయనకు అది నూరు శాతం నష్టమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అవుతుందని కూడా అదే తీర్పులో ఉంది.

హమాలీకి వెన్నుపూస విరిగితే బల్ల దగ్గర కూర్చుని చేసే పని చేయగలరేమో. బస్తా మోయలేరు. అందుకే ధ్రువపత్రం అడిగేటప్పుడు మీ వృత్తి ఏమిటో, రోజూ ఎంత బరువు ఎత్తేవారో డాక్టర్‌కు చెప్పండి. 'బరువులు ఎత్తే పనికి తగరు' అన్న వాక్యం అవసరమైతే అది ధ్రువపత్రంలో ఉండాలి. చికిత్స పూర్తయి, గాయం ఒక స్థితికి వచ్చాకే శాశ్వత వైకల్యాన్ని అంచనా వేస్తారు. మొదటి వారంలోనే శాతం రాయమని ఒత్తిడి చేస్తే ఉపయోగం ఉండదు.

పనిలో గుండెపోటు వస్తే?

ఫిజీషియన్లను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. పని వేళల్లో గుండెపోటు వచ్చినంత మాత్రాన పరిహారం రాదు. పని ఒత్తిడికీ గుండెపోటుకూ సంబంధం చూపాలని సుప్రీంకోర్టు 2006లో ఒక లారీ క్లీనర్ కేసులో చెప్పింది. కాబట్టి ఆ రోజు ఎన్ని గంటలు పని చేశారు, రాత్రి నిద్ర ఉందా, ఎంత బరువు మోశారు, నొప్పి ఏ పని చేస్తుండగా మొదలైంది అన్నవి కేస్‌షీట్‌లో రావాలి. మనిషి చనిపోతే బాధలో పోస్ట్‌మార్టం వద్దని తీసుకెళ్లిపోతారు. మరణానికి కారణం తెలిపే కాగితం లేకపోతే తర్వాత సంబంధం చూపడం కష్టం.

వడదెబ్బ కూడా అంతే. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు గోదాముల్లో పనిచేసేవారు తికమకగా మాట్లాడినా, కుప్పకూలినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆస్పత్రికి తీసుకురండి. దారిలో చల్లబరిచాక జ్వరమానిలో వేడి తక్కువ చూపొచ్చు. అందుకే ఎక్కడ, ఎంతసేపు ఎండలో పనిచేశారో తప్పక చెప్పండి.

ఈఎస్ఐ ఉంటే దారి వేరు

పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే దుకాణాల్లో, నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్నవారికి ఈఎస్ఐ ఉండాలి. అక్కడ పనిలో గాయపడితే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. కోలుకునే దాకా రోజు వేతనంలో దాదాపు 90 శాతం ఇస్తారు. శాశ్వత వైకల్యానికి, మరణిస్తే ఆధారపడినవారికి నెలనెలా చెల్లింపు ఉంటుంది. వైద్యం ఈఎస్ఐ ఆస్పత్రిలో. యజమాని చందా కట్టలేదన్న కారణంతో కార్మికుడి హక్కు పోదు. అయితే ఈఎస్ఐ వర్తించేవారు అదే గాయానికి యజమాని నుంచి పై చట్టం కింద మళ్లీ పరిహారం అడగలేరు.

తెల్ల కాగితం మీద సంతకం వద్దు

'ఇంతటితో మా లెక్క తేలిపోయింది, ఇక ఏమీ అడగను' అని రాయించుకుని కొంత డబ్బు చేతిలో పెట్టడం మార్కెట్లలో మామూలు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. రాజీ చేసుకున్నా కార్మిక శాఖలో పరిహారం చూసే అధికారి దగ్గర నమోదు చేయించాలి.

ఇది యజమానులకే ఎక్కువ ముఖ్యం. కార్మికుడు చనిపోయినప్పుడు మీరు కుటుంబానికి నేరుగా ఇచ్చిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు. దాన్ని ఆ అధికారి దగ్గరే జమ చేయాలి. లేకపోతే మంచి మనసుతో ఇచ్చింది పోయి, మళ్లీ కట్టాల్సి రావచ్చు. మరణం, తీవ్ర గాయం జరిగితే ఏడు రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. బాకీ పడిన నెల దాటినా చెల్లించకపోతే వడ్డీ, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా జరిమానా. బీమా ఉన్నా ఆ జరిమానా యజమాని జేబులోంచే కట్టాలి.

చిన్న దుకాణదారుకు పదిహేను లక్షలు ఒక్కసారిగా ఇవ్వడం మాటలు కాదు. అందుకే ఉద్యోగుల పరిహార బీమా పాలసీ తీసుకోండి. హమాలీ పనిని పాలసీలో స్పష్టంగా రాయించండి. వైద్య ఖర్చు కూడా కలుస్తుందో లేదో అడగండి. సొంత కారుకు డ్రైవర్ ఉంటే కారు బీమాలోనే చిన్న అదనపు ప్రీమియంతో డ్రైవర్‌కు రక్షణ చేర్చుకోవచ్చు. బీమా కంపెనీ కూడా మొదట అడిగేది ఆస్పత్రి కాగితాలే. 'ఇంట్లో పడ్డాడు' అని రాయించిన దుకాణదారు తన బీమాను తానే పోగొట్టుకున్నట్టు.

రిగ్గుల దగ్గర, గల్ఫ్‌లో

కోనసీమలో 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. చమురు, గ్యాస్ బావుల దగ్గర వంటవారు, డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, సహాయకులు చాలావరకు కాంట్రాక్టర్ల మనుషులే. వారు కూడా అసలు కంపెనీని అడగొచ్చన్నది పైన చెప్పుకున్న నియమమే. మీవాళ్లు అక్కడ పనిచేస్తుంటే గేట్ పాస్, కాంట్రాక్టర్ పేరు, వేతన చీటీల ఫొటోలు ఇంట్లో కూడా ఉండేలా చూసుకోండి.

గల్ఫ్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ.10 లక్షల వరకు వస్తుంది. పాలసీ కాగితం నకలు ఇంట్లో ఉంచుకోండి. అక్కడి ఆస్పత్రి రిపోర్టు లేకుండా తిరిగి వస్తే ఇక్కడ ఎవరూ సాయపడలేరు.

ఎక్కడికి వెళ్లాలి? ఎప్పటిలోగా?

ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. అంతదాకా ఆగకండి. ముందు యజమానికి రాతపూర్వకంగా తెలపండి. తర్వాత కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. ప్రమాదం జరిగిన చోటే ఇవ్వాలని లేదు. మీరు నివసించే జిల్లాలోనూ ఇవ్వొచ్చు. దూరప్రాంతాల కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాం అగ్నిప్రమాదంలో చనిపోయిన 11 మందీ బిహార్ నుంచి వచ్చిన కార్మికులే. అలాంటి ఇళ్లవారు హైదరాబాద్ చుట్టూ తిరగలేరు కదా.

వాహన ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కు వెళ్లాలా, ఈ చట్టం కింద అడగాలా అన్నది మీ ఇష్టం. రెండిటిలో ఒకటే ఎంచుకోవాలి. ట్రైబ్యునల్ అయితే ఆరు నెలల్లోపే దరఖాస్తు వేయడం క్షేమం.

వకీలుకు డబ్బు లేదని ఆగొద్దు. కార్మికులు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వైకల్యం ఉన్నవారు న్యాయ సేవల సంస్థ నుంచి ఉచితంగా సాయం పొందొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 15100.

చివరిగా ఒక్క మాట. మీ దుకాణంలోనో, మీ ఇంటి పనిలోనో ఎవరికైనా దెబ్బ తగిలితే మీరే వెంట రండి. ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టర్‌కు నిజం తెలిస్తే వైద్యం సరిగ్గా జరుగుతుంది. బరువు ఎత్తుతుండగా తగిలిందా, కాలు జారిందా అన్నదాన్ని బట్టే ఏ ఎముకను చూడాలో, ఏ స్కాన్ తీయాలో నిర్ణయిస్తాం. అదే నిజం రేపు ఆ ఇంటికి అన్నం పెడుతుంది.